కిటికీ కింది లోలాకు చెట్టు

పెద్దాసుపత్రి కుట్టుగదిలో ముప్పై నాలుగేళ్లు దుప్పట్లకు అంచులు, దిండ్లకు గలీబులు, రోగులకు చొక్కాలు కుట్టి రిటైరైన నేను, వయసు అరవై ఎనిమిది, పెళ్లి లేదు, పిల్లలు లేరు, నా పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ఎవరి మొహమాటమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న చివరి వీలునామా ఇది.

మతి స్థిమితంగా ఉందని రుజువు కావాలంటారు కాబట్టి రాస్తున్నాను. ఈ ఉదయం మేడమీది లెక్కల మాస్టారు వచ్చి నన్ను పదిహేడో ఎక్కం అడిగారు. ఆగకుండా చెప్పాను. పదిహేడు తొమ్మిదుల దగ్గర ఆయనే తడబడి, నూట యాభై మూడు అని నేను అన్నాక కళ్లజోడు తుడుచుకున్నారు. శరీరం సంగతి వేరు. గుండె సగం పనే చేస్తోందట. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. రోజుకు మూడు గ్లాసుల నీళ్లు, అంతకు మించి చుక్క తాగకూడదని డాక్టరు లెక్క కట్టి చెప్పాడు. ఈ మూడు గ్లాసుల సంగతి కింద మళ్లీ వస్తుంది. ఈ కాగితం రాయడానికి అసలు కారణం అదే.

దస్తావేజులు రాసే ఆయన నా చిత్తుప్రతి చూసి, వీలునామాలో సొంత గోడు రాయకూడదమ్మా అన్నారు. చట్టం ఒప్పుకోదా అని అడిగితే, ఒప్పుకుంటుంది గానీ బాగుండదన్నారు. బాగుండకపోతే పోనీ.

1. తొమ్మిదేళ్ల కిందట నేను రాసిన వీలునామా ఒకటి బీరువా అడుగున ఉంది. అందులో నాకున్నదంతా ఆసుపత్రికి రాసేసి, నా చెల్లెలికి గానీ ఆమె సంతానానికి గానీ పూచికపుల్ల కూడా చెందకూడదని రాశాను. అది రద్దు. పూచికపుల్ల అన్నమాట అప్పట్లో నాకు తెగ నచ్చి రెండుసార్లు వాడాను. ఆ రెండూ కూడా రద్దు.

2. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత లెక్కల మాస్టారిది. ఆయన చాదస్తం ఈ వీధి అంతటికీ తెలుసు. మొక్కలకు నీళ్లు కొలగ్లాసుతో పోసే మనిషి. అలాంటి మనిషే ఈ పనికి కావాలి. పదకొండు, పన్నెండు అంశాలు మాత్రం ఆయన పోస్టులో పంపకూడదు. స్వయంగా బస్సెక్కి వెళ్లి, నా చెల్లెలిని కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా వదలకుండా పైకి చదివి వినిపించాలి. మధ్యలో ఆమె లేచి వెళ్లిపోతే తిరిగి వచ్చేదాకా కూర్చోవాలి. ఆయన ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు కాబట్టి ఓపికకు లోటుండదు.

3. నా అంత్యక్రియలు ఆర్భాటం లేకుండా జరగాలి. నా మీద లోలాకు పూలు వెయ్యవద్దు. వాటి అసలు పేరు ఫ్యూషియా. మా అమ్మకు ఆ పేరు నోరు తిరగక లోలాకు పూలు అంది. చెవికి వేలాడే లోలాకులాగే ఉంటాయి కదా, పైన నాలుగు ఎర్రరెక్కలు వెనక్కి విరుచుకుని, వాటి కింద ఊదారంగు పావడా, పావడా కిందికి దారప్పోగుల్లా కేసరాలు. చెట్టునుంటే వారం నిలుస్తాయి. కోస్తే గంటకు వడిలిపోతాయి. నా కోసం వాటిని కోస్తే నేను సంతోషించేది లేదు.

4. నా కాలిమిషను ఆసుపత్రి కుట్టుగదికి. ఇప్పుడక్కడ చిరిగిన దుప్పటి కుట్టడం మానేసి పారేసి కొత్తది కొంటున్నారని విన్నాను. అయినా మిషను అక్కడే ఉండాలి. కిటికీ పక్కన, నేను కూర్చున్న చోటే పెట్టాలి. పెడలు కాస్త కీచుమంటుంది. నూనె వెయ్యవద్దు, వేసి చూశాను, ఇంకా ఎక్కువ అరుస్తుంది.

5. నా దగ్గర నలభై మూడు కుండీలున్నాయి. వాటిలో వేలాడే బుట్టలు పన్నెండు. పాత ఆసుపత్రి కంబళ్ల ముక్కలతో వాటికి లోపలి అస్తరు కుట్టాను. అందుకే నీళ్లు నిలవకుండానే తడి నిలుస్తుంది. ఈ పన్నెండూ ఆసుపత్రిలో లేవలేని రోగులుండే వార్డు వరండాకు. కిటికీలకు ఎదురుగా, మంచం మీద పడుకున్నవాళ్లకు కనబడేంత ఎత్తులో కట్టాలి. సూపరింటెండెంటుగారు గేటు దగ్గర కట్టిద్దామంటారు, వచ్చేపోయేవాళ్లు చూస్తారని. ఒప్పుకోవద్దు. ఈ పువ్వు తల దించుకుని పూస్తుంది. నిలబడి చూసేవాడికి దాని వీపే కనిపిస్తుంది. కిందనుంచి చూసేవాళ్లకే ముఖం కనిపిస్తుంది. పడుకున్నవాళ్లకు దక్కే పువ్వు ఇదొక్కటే. ఆ సంగతి నాకు చెప్పింది మంచంలో ఉన్న మా అమ్మ.

వాటిని చూసుకునేవాళ్లకు నాలుగు మాటలు. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. లేత కొమ్మకు మూడు జతల ఆకులు రాగానే కొన గిల్లాలి. గిల్లడానికి చేతులు రాక చాలామంది చెట్టును కర్రలా పెంచుకుంటారు. గిల్లితే రెండవుతుంది, రెండూ గిల్లితే నాలుగవుతుంది. గిల్లడం ఆపిన రెండు నెలలకు పూత. రాలిన పువ్వు చోట కాయ కడుతుంది, అది తీసెయ్యాలి, లేకపోతే కాయ పోషణలో పడి పూత మరిచిపోతుంది. ఆకు వెనక తెల్లదోమ చేరితే సబ్బునీళ్లతో కడగాలి. అన్నిటికంటే పెద్ద మాట: ఎండకు ఇది తల వాల్చేస్తుంది. దాహమనుకుని నీళ్లు పోస్తారు. ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. తడిగా ఉంటే అది దాహం కాదు, వేడి. నీడకు జరిపి ఆకుల మీద కాస్త నీళ్లు చిలకరిస్తే సాయంత్రానికి లేస్తుంది. తడిమట్టిలో మళ్లీ నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లి చస్తుంది. పైకి మాత్రం నీళ్లులేక చచ్చినట్టే కనిపిస్తుంది. ఈ పాఠం నేను వార్డు ఆయాలకు, ఇరుగుపొరుగుకు, చివరికి ఇంటికొచ్చిన కరెంటు మీటరు మనిషికి కూడా చెప్పాను. చెప్పినదాన్ని నేను పాటించని సంగతి కింద రాస్తాను.

6. లెక్కల మాస్టారికి నిటారు కుండీలు ఆరు, మట్టివి. మిగిలిన కుండీలు వీధిలో ఎవరడిగితే వాళ్లకు. మాస్టారి భార్యకు నేను ఏమీ ఇవ్వకూడదనుకున్నాను. ఏడేళ్లుగా ఆవిడ మేడమీద బట్టలు పిండకుండా ఆరేసి, ఆ సబ్బునీళ్లన్నీ నా కుండీల మీదికి కారుస్తోంది. అడిగితే, సబ్బునీళ్లు మంచివని మీరే కదా అన్నారు అంటుంది. అన్నాను, నిజమే, తెల్లదోమకు. పోయిన నెల నాకు ఆయాసం వచ్చిన రోజు ఆవిడే చెప్పులు కూడా లేకుండా ఆటో కోసం పరిగెత్తింది. కాబట్టి తెల్లపావడా, గులాబీ రెక్కల కుండీ ఆవిడకు. నీళ్లు పిండి ఆరేస్తుందని ఆశిస్తున్నాను, షరతు కాదు.

7. ఇంటి ఓనరుకు తాళాలు. వంటింటి కుళాయి ఇప్పటికీ కారుతోంది, అది ఆయన ఆస్తే. నేను పోగానే పెరట్లో గోడవార మడి చదును చేసి సిమెంటు పోయించి బండి పెట్టుకుంటానని ఆయన ఇప్పటికే కొలతలు తీసుకున్నాడు. కిటికీలోంచి చూశాను, టేపు రెండోకొస నా కుండీ కింద పెట్టాడు. ఏప్రిల్ పదిహేను దాకా ఆ మడి ముట్టనని ఆయన చేత రాయించుకున్నాను. ఆ కాగితం దీనికి జతచేశాను. ఎందుకు ఏప్రిల్ పదిహేను అన్నది పన్నెండో అంశంలో ఉంది.

8. పెద్దనర్సమ్మ ఈ వీలునామాకు సాక్షి. సాక్షికి వీలునామాలో ఏమీ రాయకూడదని దస్తావేజుల ఆయన చెప్పారు. అందుకే ఆవిడకు ఇవ్వాలనుకున్న దీపం బుడ్డీ, ఊలు శాలువా బతికుండగానే, నిన్న సాయంత్రమే ఇచ్చేశాను. ఆవిడ తీసుకోనని ముక్కు ఎగబీల్చింది. చట్టమమ్మా, నేనేం చెయ్యను అన్నాను.

9. మా మరిదికి, అంటే చెల్లెలి భర్తకు, నా వాలుకుర్చీ. నడుంనొప్పి మనిషి. పదకొండేళ్లుగా అతను ఏటా ఒకసారి నాకు ఫోను చేస్తున్నాడు. "వదినా, మీ దగ్గర చలెలా ఉంది" అంటాడు. బాగానే ఉందంటాను. ఆ తర్వాత మాటల్లేక ఇద్దరం ఫోను పట్టుకుని ఊరుకుంటాం. వెనకాల గిన్నెల చప్పుడు వినిపించేది. మూతలు నెమ్మదిగా పెట్టడం మా చెల్లెలి పుట్టుకలో లేదు. ఆ చప్పుడు వినడానికే నేను ఫోను పెట్టేయకుండా ఉండేదాన్నని అతనికి తెలుసేమో. తెలిసే ఫోను వంటింట్లోకి తీసుకెళ్లి చేసేవాడని ఇప్పుడనిపిస్తోంది. మంచివాడు. పెళ్లిచూపులప్పుడు బొత్తిగా నోట్లో నాలుక లేనివాడని వంక పెట్టింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

10. చెల్లెలి కూతురు, నాకూ కూతురే, చిన్నప్పుడు పిడుగు అని పిలిచేవాళ్లం. దానికి నా పెద్ద కత్తెర, చిన్న కత్తెర, మొక్కల నోటుపుస్తకం. కత్తెరతో కాగితం కోస్తే నా ఆత్మ ఊరుకోదు. బ్యాంకులో ఉన్నది ఎంతయినా దానికీ వాళ్లమ్మకూ చెరి సగం.

పిడుగు ఇప్పుడు ముప్పై ఏళ్ల మనిషి, మందుల ల్యాబులో పనిచేస్తోంది. నాకు గుండె బాగాలేదని వాళ్ల నాన్న ద్వారా తెలిసి, వాళ్లమ్మకు చెప్పకుండా పోయిన నెల వచ్చింది. పదకొండేళ్ల తర్వాత గుమ్మంలో నిలబడి "పెద్దమ్మా" అంటే, గొంతు అచ్చం మా అమ్మది. టీ ఇచ్చాను. నాకోసం పోసుకున్న నీళ్ల గ్లాసు కేసి అది చాలాసేపు చూసింది. అప్పుడు చెప్పింది. "మా అమ్మ ఎవరికీ నీళ్లివ్వదు పెద్దమ్మా. నాకు జ్వరం వస్తే మందు తనే వేస్తుంది, నీళ్లు మాత్రం నాన్న చేత ఇప్పిస్తుంది. నాన్న లేకపోతే గ్లాసు బల్ల మీద పెట్టి అవతలికి వెళ్లిపోతుంది. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా చెప్పదు. నీకు తెలుసా?"

నాకు తెలుసు. తెలియదని చెప్పాను. అది బస్సుకు వెళ్లిపోయాక మిగిలిన రెండు గ్లాసుల నీళ్లూ ముందు పెట్టుకుని ఏడ్చాను. ఆ రోజు తాగలేదు.

11. చెల్లీ, ఇకనుంచి నీతోనే మాట్లాడుతున్నాను. మాస్టారు చదువుతున్నారు కాబట్టి లేచి వెళ్లకు. ఆయన బస్సు ప్రయాణం పడని మనిషి, నీకోసం వచ్చారు.

అమ్మ పోయిన ఎండాకాలం గుర్తు చేసుకో. ఇప్పుడు నాకున్నదే అప్పుడు అమ్మకు. గుండె నీరసించి ఒళ్లంతా నీరు పట్టింది. రోజుకు మూడు గ్లాసులు. కుట్టుగదిలో గుడ్డ కొలిచినట్టు నేను నీళ్లు కొలిచాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, అదీ చెంచాతో. అమ్మ అడిగేది. నేనివ్వలేదు. అడిగీ అడిగీ మానేసింది. ఆ తర్వాత మంచం మీదనుంచి కిటికీ కింది తన లోలాకు చెట్టును చూస్తూ పడుకునేది. ఆ చెట్టు తన చేత్తో నాటింది కదా. మధ్యాహ్నం ఎండకు అది తల వాల్చేసేది. అప్పుడు అమ్మ, "దానికి దాహమేస్తోందే, కాసిన్ని నీళ్లు పొయ్యవే" అనేది.

మట్టి తడిగానే ఉంది చెల్లీ. వేలు పెట్టి చూడక్కర్లేదు, పైకే నల్లగా కనిపిస్తోంది. పోస్తే చస్తుందని ఈ వీధిలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. కానీ అమ్మకు ఇవ్వనిది కనీసం అమ్మ చెప్పినదానికైనా ఇద్దామనిపించింది. చెంబుతో పోశాను. నీళ్లు మట్టిలోకి ఇంకుతుంటే అమ్మ గొంతు కదిలేది, తనే మింగుతున్నట్టు. అది చూసి ఇంకో చెంబు పోశాను. అలా నెలన్నర, రోజూ. చెట్టును చంపింది నేను. తెలిసే చంపాను. మళ్లీ అదే రోజు వస్తే మళ్లీ పోస్తాను.

ఆఖరి వారం నువ్వొచ్చావు. నేను మందులకని వెళ్లి వచ్చేసరికి నీ చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. నిండు గ్లాసు ఇచ్చేశానని నువ్వే చెప్పావు. నేను గ్లాసు లాక్కుని, నువ్వు అమ్మను చంపుతున్నావని అరిచాను. మూడోరోజు అమ్మ పోయింది. చలికాలం దాకా నేను ఆ మాట మళ్లీ అనలేదు, నువ్వూ అడగలేదు. కానీ మన ఇద్దరి మధ్యా ఆ మాట అలాగే కూర్చుంది.

ఆ చలికాలం ఆసుపత్రి వరండాలో తడినేల మీద జారి నా తుంటి విరిగింది. అయినా నువ్వే వచ్చావు. నలభై రోజులు సంసారం వదులుకుని నాకు క్యారేజీ తెచ్చావు, ఒళ్లు తుడిచావు. ఆ నలభై రోజుల్లోనే ఇంటి మడి శుభ్రం చేస్తూ, ఎండిపోయిందని అమ్మ చెట్టు పీకేశావు. ఈ చెట్టు చలికి పైన పుల్లలై, ఎండలు మొదలయ్యాక మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుందని నీకు తెలియదు. నేను కర్ర పట్టుకుని ఇంటికొచ్చి, ఖాళీ మడి చూసి, నీ సంచీ నీ చేతిలో ఉండగానే అన్నాను. "అమ్మను ఒకసారి చంపింది చాలక రెండోసారి కూడా చంపావు." నువ్వు సంచీ కింద పెట్టావు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, వెళ్లిపోయావు.

ఇప్పుడు నేను దాచిన సంగతులు రెండు చెబుతాను.

మొదటిది చెట్టు సంగతి. నువ్వు వెళ్లిన సాయంత్రమే కర్ర పొడుచుకుంటూ ఎరువుగుంట దగ్గరికి వెళ్లాను. మొదలు అక్కడే పడి ఉంది. గోటితో బెరడు గీరాను. బతికుంటే లోపల పచ్చగా ఉండాలి. పైనుంచి కిందిదాకా గీరాను, ఎక్కడా పచ్చ లేదు. వేళ్లు నల్లగా కుళ్లి, పట్టుకుంటే చేతికి జారిపోయాయి. నువ్వు పీకేనాటికే అది చచ్చి నెలలయింది. నువ్వు పీకింది శవాన్ని. నాకు ఆ సాయంత్రమే తెలుసు. నీకు ఫోను చెయ్యాలంటే, నేనెందుకు నీళ్లు పోశానో చెప్పాల్సి వస్తుంది. అది చెబితే రెండోది కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకని చెయ్యలేదు.

రెండోది ఇది. నువ్వు గ్లాసు ఇవ్వడానికి రెండు రోజుల ముందు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. "ఇక కొలతలు మానెయ్యమ్మా, ఉపయోగం లేదు. ఆవిడ అడిగినన్ని నీళ్లివ్వు." నేను సరేనన్నాను. లోపలికి వచ్చి మళ్లీ చెంచా తీశాను. కొలవడం మానేస్తే అమ్మ పోతోందని నేను ఒప్పుకున్నట్టే కదా. నాకు ఒప్పుకోవాలని లేదు. అంతే చెల్లీ. రెండు రోజులు, ఇవ్వవచ్చని తెలిసి కూడా, అమ్మను దాహంతో పడుకోబెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

దాహమంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. కుళాయి కారే చప్పుడు వింటూ పడుకుంటాను. కలలో చెంబులు చెంబులు తాగుతాను. నాకు ఇది నెల రోజులే. అమ్మకు అది నెలన్నర, ఆ పైన రెండు రోజులు నా చేతుల్లో.

నువ్వు గ్లాసు ఇచ్చాక అమ్మ ఒక మాటంది. నేను అరుస్తున్నాను కాబట్టి నీకు వినపడలేదు. నువ్వు ఏడుస్తూ బయటికి వెళ్లాక నాకు మళ్లీ చెప్పింది, మూతి తుడుచుకుని, నవ్వుతూ. "ప్రాణం లేచొచ్చిందే." ఆ నెలన్నరలో అమ్మ నవ్వింది ఆ ఒక్కసారే. నీ చేతి నీళ్లు తాగి నవ్వింది. అమ్మ దాహంతో పోలేదంటే అది నీ వల్ల. నువ్వు చంపలేదు. నువ్వొక్కదానివే ఇచ్చావు.

క్షమించమని అడగడం లేదు. చచ్చాక అడిగితే కాదనే వీలుండదు నీకు, అది నీమీద ఇంకో బలవంతం. ఈ సంగతులు నీ దగ్గర ఉండాలని రాశాను, అంతే.

12. అమ్మ చెట్టు చచ్చిందన్నాను కదా. దాని ముక్క ఒకటి బతికింది. అమ్మ బాగున్న రోజుల్లో ఆసుపత్రి తోటమాలికి నేనే ఒక కొమ్మముక్క ఇచ్చాను. ఆయన దాన్ని బాయిలరు గది గోడవార నాటాడు. నేను రిటైరయ్యే ముందు ఒకరోజు అటు వెళ్లి చూస్తే, నడుమెత్తు పెరిగి విరగబూసి ఉంది. తోటమాలి, "మీ అమ్మగారిదే కదమ్మా, ఎప్పటికైనా అడుగుతారని చూస్తున్నాను" అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆ చెట్టు ముక్కే తెచ్చి, కిటికీ కింద అదే చోట, రెండు కణుపులు మట్టిలోకి దిగేలా లోతుగా నాటాను. తొమ్మిదేళ్లయింది. ఇదీ నీకు చెప్పలేదు.

ఈ చెట్టు నీది. ఈ వీలునామాలో నేను నిజంగా ఇస్తున్నది ఇదొక్కటే.

నువ్వొచ్చేసరికి అది ఎండుపుల్లల్లా ఉంటుంది. భయపడకు. గోటితో గీరి చూడు. పాత పుల్లలు అప్పుడే కొయ్యకు, మొదట్లో ఎర్రటి చిగుళ్లు కనిపించేదాకా అవే దానికి కప్పు. మార్చి ఆఖరుకు గానీ చిగుళ్లు రావు. ఒక్కొక్క ఏడు ఇంకో పదిరోజులు ఆలస్యం చేస్తుంది. ఏప్రిల్ పదిహేనని ఓనరు చేత రాయించుకున్నది అందుకే. చిగుళ్లు వచ్చాక చుట్టూ జానెడు వదిలి, మట్టి ముద్దతో సహా తవ్వించి తీసుకెళ్లు. మాస్టారు తవ్వుతారు, నువ్వు గోనెసంచీ తెచ్చుకో. మీ ఇంట్లో కూడా కిటికీ కిందే నాటు. నువ్వు రాకపోతే చెట్టు సిమెంటు కిందికి పోతుంది. పోనీ. పదకొండో అంశం నీ చెవిన పడితే నాకు అది చాలు.

పెంపకం సంగతి. మిగతా అందరికీ అయిదో అంశంలో రాశాను, వేలు పెట్టి చూడకుండా నీళ్లు పొయ్యవద్దని. అది నీకు వర్తించదు. ఎండాకాలం మధ్యాహ్నం అది తల వాలుస్తుంది. మట్టి తడిగా ఉన్నా నీకు చూస్తూ ఊరుకోబుద్ధి కాదు, నాకు తెలుసు. గ్లాసు బల్ల మీద పెట్టి అవతలికి వెళ్లిపోకు. నీ చేత్తో పొయ్యి. చస్తే చస్తుంది, దాని ముక్కలు ఇంకో ఆరు కుండీల్లో మాస్టారి దగ్గరున్నాయి. నువ్వు పోస్తూ ఉండు.

పైన రాసినదంతా చదువుకుని, రాతతప్పులు రెండు దిద్ది, తక్కినది మార్చడం ఇష్టం లేక, ఈ కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను. వాళ్లు నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు చేశారు.

తేదీ: ఫిబ్రవరి పదకొండు, బుధవారం, పొద్దున పదింటికి. ఈ రోజు నీళ్లలో ఒక గ్లాసు అయిపోయింది.

సంతకం: కుట్టుగది అక్క
(ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు అందరూ పిలిచిన పేరు. నిజంగా అక్కా అని పిలవాల్సింది ఒక్కతే.)

సాక్షులు:
1. పెద్దనర్సమ్మ, లేవలేని రోగుల వార్డు
2. దస్తావేజుల రాతగాడు, రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట